శుక్రవారం చూసిన ఇల్లు

1993 అక్టోబరు 1, శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మా క్యాంపు బాసు తలుపు మీద ఒక కాగితం అంటించి, ఊడిపోకుండా అరచేత్తో రెండుసార్లు తట్టి వెళ్ళాడు. నేను అప్పుడు పెసరపప్పు కడుగుతున్నాను. చెయ్యి తుడుచుకుని వచ్చి చదివాను. నెలాఖరుకల్లా క్యాంపు ఖాళీ చెయ్యాలి. ఆడవాళ్ళకి ఇకమీద కంపెనీ బస ఇవ్వదు. మనిషికింత అని అద్దె డబ్బు ఇస్తుంది, ఇల్లు ఎవరికి వాళ్ళు చూసుకోవాలి. దొరక్కపోతే ఏం చెయ్యాలో అందులో రాయలేదు.

నేను బహ్రెయిన్‌లో పన్నెండేళ్ళు పనిచేశాను. అందులో ఎనిమిదేళ్ళు ఒక క్లీనింగ్ కంపెనీలో, మనామాలోని బ్యాంకుల ఆఫీసులు రాత్రిపూట తుడిచే పని. ఇప్పుడు గల్ఫ్‌కి బయలుదేరే అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి జీతం సంగతి, వీసా సంగతి అడుగుతుంటారు. అవి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎక్కడ ఉండాలో ఎలా తేల్చుకోవాలి అన్నది ఎవరూ అడగరు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను.

మా గదిలో అయిదుగురం. అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే. ఇద్దరి సంగతి మాత్రం ముందుగా చెప్పాలి. ఒకామె రాజోలు వైపు నుంచి వచ్చింది, మేమంతా అక్క అనేవాళ్ళం. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, నాకన్నా ఏడేళ్ళు పెద్ద. బహ్రెయిన్‌కి వచ్చి తొమ్మిదేళ్ళయినా డ్యూటీలో ఒక్క మాట పడి ఎరగదు. రెండో ఆమె తణుకు పిల్ల. ఇరవై నాలుగేళ్ళు. ఊళ్ళో తన సంపాదనతో రెండు గదుల ఇల్లు కట్టుకుంటోంది. గోడలు లేచాయి, స్లాబు పడాలి. ఆ స్లాబు కోసమే వచ్చింది. కానీ రాత్రి మేలుకోవడం ఆ పిల్ల ఒంటికి పడలేదు. డ్యూటీలో కునుకు తీస్తూ రెండుసార్లు దొరికింది. రెండు వార్నింగులు కాగితం మీద ఉన్నాయి. మూడోది వస్తే ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. నేను ఆ అంతస్తుకి ఇన్‌ఛార్జిని గనక ఆ భయం తనకెంతో నాకూ అంత ఉండేది.

మిగతా ఇద్దరూ నెమ్మదస్తులు, వాళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నన్ను అందరూ లెక్కల పిన్ని అనేవారు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

కాగితం చదివి వినిపించాక ఎవరూ ఏడవలేదు సరికదా, మాకు హుషారు వచ్చింది. పుట్టిన ఊరు మేము ఎంచుకోలేదు, అత్తవారి ఊరు ఎంచుకోలేదు, క్యాంపు కంపెనీ చూపించింది. ఇదిగో, మొదటిసారి, ఫలానా వీధిలో ఉంటాం అని మేము చెప్పాలట. తణుకు పిల్ల వెంటనే సముద్రం కనబడాలంది. ఇంకొకామె తులసి కుండీకి ఎండ తగిలే మెట్టు ఉంటే చాలంది. మంచినీళ్ళ డబ్బా మేడ మీదకి మోసే బాధ తప్పాలన్నాను నేను. అక్క మాత్రం పప్పు మాడుతోంది చూడమంది.

మా కంపెనీ బస్సు నడిపే ఆయనది జగిత్యాల వైపు. మనామా, సిత్రా, ముహర్రక్ అన్నీ ఆయన నోట్లో దుబాయే. దుబాయికి వచ్చి పన్నెండేళ్ళయిందని, అసలు దుబాయి ఇంతవరకు చూడలేదని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఊరు ఎటు పెరుగుతోందో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నిన్న సముద్రం ఉన్నచోట ఇవాళ మట్టి పోస్తున్నారు, మొన్న ఖర్జూరపు తోట ఉన్నచోట నాలుగంతస్తుల బిల్డింగు లేచింది, ఈ ఊరూ ఆ ఊరూ కలిసిపోయాయి అని రోజుకో వార్త చెప్పేవాడు. మేము ఇల్లు వెతుకుతున్నామని విని ఒకటే మాట అన్నాడు: బస్సు తిరిగే దోవలో ఉండండి, అవతల ఉంటే నేను రాలేను.

మాకు గురువారం రాత్రి సెలవు. కాబట్టి మేము కళ్ళు తెరుచుకుని పగటి వెలుతురు చూసేది శుక్రవారం ఒక్కరోజే. మిగతా ఆరు రోజులూ పగలంతా నిద్ర, రాత్రంతా పని. అక్టోబరు 8, శుక్రవారం, ఉదయం పది గంటలకి అయిదుగురం ఇల్లు చూడ్డానికి వెళ్ళాం. మీనా సల్మాన్ వైపు, రోడ్డు చివర ఒక మేడ. కింద వరసగా షట్టర్లు, అన్నీ దించి ఉన్నాయి. పైన రెండు గదులు, వంటగది. కిటికీ తీస్తే రెండు గోదాముల సందులోంచి చారెడు సముద్రం. వీధిలో పురుగు లేదు. ఎక్కడో ఒక పిచ్చుక కిచకిచలాడితే మేడ మీదకి వినబడింది. ఇల్లు చూపించిన భాయ్ హిందీలో ఇక్కడ శాంతికి లోటు లేదన్నాడు. అబద్ధమని ఇప్పటికీ అనను, ఆ గంటలో శాంతే ఉంది.

తణుకు పిల్ల కిటికీ దగ్గరే నిలబడిపోయింది. నేను నీళ్ళ కుళాయి తిప్పి చూశాను, తలుపు గడియలు చూశాను, బస్సు ఆగే చోటికి ఎంత దూరమో నడిచి చూశాను. గాలి ఎటునుంచి వస్తోందో కూడా చూశాను. మూడు నెలల అద్దె ముందే ఇవ్వాలంటే ఇచ్చాం. అక్క ఒక్కతే కిందకి వెళ్ళి దించిన షట్టర్ల ముందు నేల మీద నల్లటి నూనె మరకలు చూసి, ఇదేంటి చెల్లీ అంది. ఓడరేవు దగ్గర నూనె కాకపోతే గంధం ఉంటుందా అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

15వ తేదీ శుక్రవారం సామాను చేర్చాం. ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్ళి, 16 శనివారం పొద్దున ఆరింటికి వచ్చి, స్నానాలు చేసి ఏడింటికి చాపలు పరిచాం. ఏడుంబావుకి కింద మొదటి షట్టరు లేచింది. ఆ తరువాత రెండోది, మూడోది. ఎనిమిదయ్యేసరికి మేము ఏ మేడ మీద ఉన్నామో తెలిసింది. ఒకటి లారీల చట్రాలు తిన్నగా చేసే షాపు, ఒకటి వెల్డింగు, ఒకటి ఇనప రేకులు కోసేది. నేల అదురుతోంది, గ్లాసులో నీళ్ళు అదురుతున్నాయి. చెవుల్లో దూది పెట్టుకుంటే సుత్తి దెబ్బ వెన్నులోంచి వచ్చేది. కింద పనిచేస్తున్నవాళ్ళు పాపం మంచివాళ్ళే, పైన మనుషులున్నారని తెలిసి తలెత్తి సలాం చెప్పి మళ్ళీ సుత్తి ఎత్తారు. వాళ్ళ పని వాళ్ళది.

తణుకు పిల్ల చాప మీద లేచి కూర్చుని గోడ వంక చూస్తోంది. ఆ పగలు ఎవరికీ నిద్ర లేదు. ఆ రాత్రి ఆ పిల్ల నిలబడే తూలుతుంటే నేను రెండుసార్లు చల్లటి నీళ్ళు కొట్టి, చివరికి మీటింగు హాలు పని తీసేసి మెట్లు తుడవమని పంపాను. మెట్ల మీద కునుకు తీస్తే దొర్లిపడతానన్న భయం ఉంటుంది కదా అని. ఇంకెన్ని రాత్రులు అలా కాయగలను?

ఆదివారం పొద్దున బస్సులో నేను భాయ్‌ని తిట్టడం మొదలుపెట్టాను. అక్క నన్ను ఆపింది.

"ఆయన్నేల తిడతావే చెల్లీ. శుక్రవారం నాడు ఊరు తలంటుకుని, కొత్త బట్ట కట్టుకుని కూర్చుంటది. పెళ్ళిచూపులకెళ్ళినట్టెళ్ళి చూసొచ్చాం. పనిరోజు మొహం కదా చూడాల్సింది."

"చూడాలంటే పగలు మేలుకోవాలి అక్కా. మనం పడుకునేది అప్పుడే."

"ఆయ్. అందుకే ఒకళ్ళు మేలుకోవాలి," అంది.

అప్పటికప్పుడు బస్సాయన్ని అడిగి, మమ్మల్ని దింపేశాక తను బస్సులోనే ఉండిపోయింది. ఆయన షెడ్డుకి వెళ్ళే దోవలో నువైద్రాత్ దగ్గర దింపాడు. ఆమె చేసిందేమిటంటే, ఒక కోల్డ్ స్టోర్, అంటే అక్కడి కిరాణా కొట్టు, పక్కన నీడలో ఇటుకల మీద కూర్చుని, ముసుగు మొహం మీదకి లాక్కుని, కళ్ళు మూసుకుంది. నిద్రపోవడానికి కాదు, వినడానికి. మేము పడుకునే వేళలో ఆ వీధి ఎలా ఉంటుందో మేము పడుకున్నట్టే వినాలని. ఆ కోల్డ్ స్టోరు నడిపే మలయాళీ ఆయన జబ్బు చేసిందేమోనని టీ ఇచ్చి, ఎవరికోసం చూస్తున్నారని అడిగాడట. నిద్ర కోసం అని చెప్పిందట. ఆయన ఇంకో టీ ఇచ్చాడు.

నువైద్రాత్ వీధి ప్రశాంతంగానే ఉంది. అద్దె కూడా మాకు అందేదే. కానీ సాయంత్రం అక్కడికి బస్సు రాదని డ్రైవరు ఖాయంగా చెప్పేశాడు. సోమవారం మనామాలోనే ఒక సందులో కూర్చుంది. పది గంటలదాకా బాగుంది, పదింటికి పక్కన పునాది తవ్వే మిషను వచ్చింది. పెరిగే ఊళ్ళో ఖాళీ స్థలం పక్కన ఇల్లు తీసుకోకూడదని ఆ పూట నేర్చుకున్నానని వచ్చి చెప్పింది. పన్నెండు గంటలకి వచ్చి, కింద సుత్తులు మోగుతుండగానే మా అందరికీ అన్నం వండి పెట్టింది. రాత్రి మళ్ళీ డ్యూటీ. ఎన్ని గంటలు పడుకున్నావని అడిగితే, నువ్వు రాసుకోవడానికి పనికొచ్చేన్ని పడుకోలేదులే అంది.

మంగళవారం జిదాఫ్స్ అన్నది అక్కే. బస్సాయన వద్దన్నాడు.

"అక్కా, గాడ పెద్ద మార్కెట్ ఉంటది. చేపలమ్మేటోళ్ళు, కూరగాయలోళ్ళు, ఒకటే లొల్లి. మీరు పగటీలి ఎట్ల పంటరు?"

"మార్కెట్టు ముందు కదా తమ్ముడూ. ఎనకాల వీధులుండవా?"

"ఉంటయ్. గని గాడ ఎవ్వరు అడుగరు."

"అడగని చోటే కదా ఖాళీ ఉండేది. ఆపు."

ఆ రోజు ఆమె ఒంటిగంట దాటినా రాలేదు. నాకు భయం వేసింది. ఒకటీ నలభైకి వచ్చింది. మొహం కడిగినట్టుంది. కొంగులో ఖర్జూరాలు మూట కట్టుకుని వచ్చింది. ఇల్లు దొరికిందంది. ఎలా ఎంచావు అని అడిగాను.

"నేనెక్కడ ఎంచానే? అక్కడ మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. నిద్రట్టేసింది."

మార్కెట్టు వెనక రెండో సందు, సాయంత్రం బస్సు తిరిగే దోవే. బళ్ళు పట్టనంత ఇరుకు, అందుకే లారీ రాదు. ఎదురుగా పెద్ద గోడ, దాని మీదుగా బోగన్‌విల్లా. మార్కెట్టు గోల ఆ గోడదాకా వచ్చి ఆగిపోతుందట, దూరాన ఏటి చప్పుడులా ఉంటుందట. పిల్లలంతా పొద్దున బడికి పోతారు. ఆడవాళ్ళు ఇంటి లోపల పనిలో ఉంటారు. ఆ మెట్టు గల ఇంట్లో ఒక బహ్రెయినీ ముసలామె ఉంది, హజ్ యాత్ర చేసొచ్చిన మనిషి గనక వీధంతా ఆమెని హజ్జియా అని పిలుస్తారు. తన గుమ్మం ముందు ఎవరో ఆడమనిషి కూర్చునే నిద్రపోతుంటే ఆమె లేపలేదు. మొహం మీద ఎండ పడుతోందని ఒక పాత దుప్పటి తెచ్చి కిటికీ కమ్మీకి కట్టి నీడ చేసింది. మధ్యాహ్నం నమాజు పిలుపుకి అక్క కళ్ళు తెరిచేసరికి పక్కన నీళ్ళు, ఖర్జూరాలు ఉన్నాయి. ఆమె అరబ్బీ, ఈమె గోదావరి తెలుగు, మధ్యలో నాలుగు హిందీ ముక్కలు. పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయనీ, అడ్వాన్సు అక్కర్లేదు, నెలనెలా ఇస్తే చాలనీ తేల్చుకుని వచ్చేసింది.

ఒక్కసారి దెబ్బ తిన్నాను గనక నేను ఒప్పుకోలేదు. అలిసిన మనిషికి రాతి మీదైనా నిద్ర పడుతుంది, అది రుజువు ఎలా అవుతుందన్నాను. అక్కకి కోపం రాలేదు. రేపు పిల్లని పడుకోబెట్టి చూద్దాం, నువ్వు గడియారం పెట్టుకుని పక్కన కూర్చో, అంది.

అక్టోబరు 20, బుధవారం. డ్యూటీ దిగి ముగ్గురం తిన్నగా జిదాఫ్స్ వెళ్ళాం. మేము వెళ్ళేసరికి హజ్జియా పై గది కడిగించి ఉంచింది. రెండు చాపలు మావి. తణుకు పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. తనకి నిద్ర రాకపోతే ఏమవుతుందో తనకీ తెలుసు, అందుకని గట్టిగా కళ్ళు మూసుకుని బిగుసుకుపోయి ఉంది. నేను గడియారం విప్పి ముందు పెట్టుకుని రెండో చాప మీద కూర్చున్నాను. ఎనిమిదీ పదిహేను. మార్కెట్టు వినబడుతోంది, నిజంగానే దూరంగా ఏరు పారినట్టు. ఎనిమిదీ ఇరవై అయిదుకి కింద ఆమె మనవడెవరో బడి ఎగ్గొట్టి బంతి గోడకి కొట్టాడు. రెండో దెబ్బ పడలేదు. హజ్జియా గొంతు వినబడింది, ఆ పైన నిశ్శబ్దం. కాసేపటికి ఆమే గుమ్మంలోంచి తొంగి చూసి, మెలకువగా ఉన్న నన్ను చూసి, బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని "నామీ, నామీ" అంది, పడుకో అమ్మా అని.

తరువాత సంగతి నేను చెప్పలేను. గడియారం ముందు పెట్టుకుని సాక్షిగా కూర్చున్నదాన్ని నేనూ పడుకున్నాను. జీవితంలో నేను రాసుకోలేకపోయిన లెక్క అదొక్కటే. కళ్ళు తెరిచేసరికి ఒకటీ ముప్పై అయిదు. తణుకు పిల్ల నోరు తెరుచుకుని, చెయ్యి చాప దాటి నేల మీద పడేసి, చిన్నపిల్లలా నిద్రపోతోంది. అక్క మెట్ల మీద, మాకూ వీధికీ మధ్య కూర్చుని ఉంది.

"అయిదు గంటలు," అంది నన్ను చూసి, గొంతు తగ్గించి. "ఒకేసారి పక్క మార్చింది. నువ్వు మాత్రం గురక పెట్టావు."

"నువ్వు పడుకోలేదా అక్కా?"

"ఈ వేళ ఒక్కటీ అయిపోతే రేపు రాత్రి సెలవే కదా. ఎల్లుండి సామాను తెచ్చుకున్నాక పడుకుంటాను, పోనీలే."

ఆ రాత్రే అక్క దొరికిపోయింది. కంపెనీ ఆఫీసరు ఎప్పుడూ రాని వేళకి తనిఖీకి వచ్చాడు. అక్క తన వంతు అంతా తుడిచేసి, తణుకు పిల్ల వంతులో సగం తుడిచి, బకెట్టు బోర్లించుకుని కూర్చుని గోడకి తల ఆనించింది. చేతిలో మాపు కర్ర అలాగే ఉంది. తొమ్మిదేళ్ళ మనిషి గనక ఉద్యోగం తియ్యలేదు. రాత్రి పనికి పనికిరాదని రాసి, శనివారం నుంచి పగటి డ్యూటీకి, మీనా సల్మాన్ గోదాములో వేశారు.

గురువారం పొద్దున ఆఫీసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని నేను బయలుదేరాను. ఈ వారమంతా ఆమె పగలు ఎక్కడ కూర్చుందో, ఎందుకు కూర్చుందో, తేదీలతో సహా నా దగ్గర ఉంది. అక్క గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నోరెత్తకు చెల్లీ. నిద్ర లేదంటావు. ఎవరికి లేదంటారు. అయిదుగురికీ లేదంటావు. అప్పుడు ఆ పిల్ల కాయితాలు మళ్ళీ పైకి తీస్తారు. రెండున్నాయని నీకూ తెలుసు."

"మరి నీ సంగతి?"

"నాకేం? పగలు పని, రాత్రి నిద్ర. దేవుడు చెప్పిందదే కదా."

22వ తేదీ శుక్రవారం జిదాఫ్స్‌కి సామాను చేరవేశాం. అక్క అన్నీ మోసింది, వంటగిన్నెలు తనే సర్దింది. తన పెట్టె మాత్రం పాత మేడ మీదే ఉంచేసింది. మూడు నెలల అద్దె కట్టేసిన ఇల్లు ఊరికే వదులుకోవడం ఎందుకంది. తన గోదాము అక్కడికి నడిచేంత దూరం. సుత్తులు మోగేది పగలు, ఆ వేళకి తను పనిలో ఉంటుంది, సాయంత్రానికి షట్టర్లు దించేస్తారు. గోదాములోనే పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళని తోడు తెచ్చుకుంది. మేము ఏ ఇంట్లో ఒక్క పగలూ ఉండలేకపోయామో అందులో ఆమె రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయింది. అంటే ఆ ఇంట్లోనూ తప్పు లేదు, వెళ్ళినవాళ్ళ వేళ తప్పు. మనుషుల్ని అలా అర్థం చేసుకునేవాళ్ళని చూశాను గానీ, ఇళ్ళని అర్థం చేసుకున్న మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను.

జిదాఫ్స్ ఇంట్లో నేను నాలుగున్నరేళ్ళు ఉన్నాను. ఆ సందులో మేము పడుకునే వేళ ఎవరూ ఎవరినీ గట్టిగా పిలిచేవారు కాదు. మాకోసమే అలా చేశారని మాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఒక పండగ నాడు అల్లరి చేస్తున్న పిల్లల్ని, పైన రాత్రి పనివాళ్ళు పడుకున్నారని పక్కింటాయన కసురుకుంటే, మేము ఆ వేళ మేలుకునే ఉన్నాం గనక విన్నాం. ఊరు ఎంత పెరిగినా, ఊళ్ళో ఎన్ని మేడలు లేచినా, ఒక సందు తనలో ఉన్నవాళ్ళ నిద్ర కాయాలనుకుంటే కాస్తుంది. మార్కెట్టు ముందున్నా సరే.

తణుకు పిల్లకి మూడో వార్నింగు రాలేదు. 1995 ఫిబ్రవరిలో ఊళ్ళో స్లాబు పడింది. ఆ రోజు హజ్జియాకి జిలేబీ ఇచ్చాం. స్లాబు అంటే ఏమిటో చెప్పడానికి తణుకు పిల్ల రెండు అరచేతులూ నెత్తిమీద పెట్టుకుని చూపించింది.

మూడు నెలలయ్యాక కూడా గోదాము దగ్గరని అక్క ఆ మేడ మీదే ఉండిపోయింది, శుక్రవారాలు మా దగ్గరికి వచ్చేది. శుక్రవారం జిదాఫ్స్‌లో సందుల్లో కూడా గోలే, చుట్టాలు, పిల్లలు. మధ్యాహ్నం కాస్త నడుము వాల్చమంటే, ఈ గోలలో ఎవరికి నిద్ర పడుతుందే, మంచి ఇల్లే చూశాను మీకు, అని నవ్వేది. 1996 మార్చిలో కాంట్రాక్టు ముగిసి ఊరెళ్ళిపోయింది.

కాబట్టి అమ్మాయిలూ, మీరు ఏ వేళ కళ్ళు మూసుకుంటారో ఆ వేళకి వెళ్ళి ఇల్లు చూడండి. మీరు వెళ్ళలేకపోతే మీ తరఫున మేలుకునే మనిషి ఉండాలి. అలాంటి మనిషి దొరకడం ఇల్లు దొరకడం కన్నా కష్టం.

ఇక మొత్తం లెక్క. మీనా సల్మాన్ ఇంటి అద్దెలో పోయింది ఏమీ లేదు, జనవరి 14 దాకా అక్క వాడింది. సామాను మోసేటప్పుడు ఆవకాయ జాడీ ఒకటి పగిలింది. తణుకు పిల్లదీ నాదీ అయిదేసి, మిగతా ఇద్దరివీ ఆరేసి పగళ్ళ నిద్ర పోయింది. తొమ్మిదేళ్ళుగా మచ్చలేని కాగితం మీద ఒక మచ్చ పడింది. జిదాఫ్స్ గదిలో అయిదో చాపకి వదిలిన చోటు నాలుగున్నరేళ్ళూ ఖాళీగానే ఉంది. అక్క ఆ ఇంట్లో పడుకున్న పగళ్ళు, గుమ్మం బయట మెట్టు మీద ఒకటి, లోపల ఏమీ లేవు.